అమెరికా గోడుకు నంబర్లు వేసిన రోజులు

ఆమె మీద నాకు కుళ్ళు. ఈ ఒక్క మాట ఒప్పుకోవడానికి ఇన్నేళ్ళు పట్టింది, ఇంక నాన్చను.

తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న రోజులవి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పైన, మూడో అంతస్తులో మా ఆఫీసు. అమెరికాలో ఏదో సర్వే కంపెనీ అక్కడి జనానికి ఫోన్లు చేసి, ‘కాగితాలు లేకుండా మన దేశంలోకి వచ్చినవాళ్ళ వల్ల మన ఉద్యోగాలకు ఏమవుతోంది?’ అని అడిగేది. వాళ్ళు చెప్పిన జవాబులు టైపై మాకొచ్చేవి. ఒక్కో జవాబూ చదివి, దాని సారాన్ని బట్టి పక్కన నంబరు వేయడం మా పని. ‘మా పనులు పట్టుకుపోయారు’ అంటే నాలుగు. ‘చట్టం చట్టమే, పంపేయండి’ అంటే ఏడు. ‘పాపం, మనం చేయని పనులు వాళ్ళు చేస్తున్నారు’ అంటే తొమ్మిది. ఒకే జవాబుకు ఇద్దరు విడివిడిగా నంబర్లు వేయాలి. రెండూ కలవకపోతే ఎవరిది సరైందో ఆఫీసు నడిపే సారు తేలుస్తాడు.

నాకు పడిన జంట ఆమె. చంపాపేట నుంచి వచ్చేది. వాళ్ళది కోస్తా, నాన్న ఏదో ఉద్యోగం. మాది నల్లగొండ వైపు ఊరు, ఎల్బీనగర్‌లో కిరాయి ఇల్లు, మా నాన్న ఆటో నడిపేవాడు. నన్ను ‘అక్కా, మీరు’ అనేది. నేను ‘నువ్వు’ అనేదాన్ని. సారు మాత్రం ఆమెను ‘చెప్పండి మేడమ్’ అనేవాడు, నన్ను ‘ఏమ్మా’ అనేవాడు. రోజుకు ఎన్నిసార్లు ‘ఏమ్మా’ అన్నాడో నాకు బాగా గుర్తుండేది. మా నంబర్లు కలవని ప్రతిసారీ ఆమెదే సరైందని తేల్చేవాడు. సారుదీ ఆమెదీ కోస్తానే కదా, ఇంకేం, అనుకునేదాన్ని. ఆమె నాకన్నా బాగా చదువుతుందన్న సంగతి నాకూ తెలుసు. తెలుసు కాబట్టే మంట.

అన్నాల దగ్గర రోజూ అమెరికా పంచాయితీయే. ఒక పెద్దాయన చెప్పిన జవాబు ఇంకా గుర్తుంది. సగం పనులు దొంగదారిన వచ్చినవాళ్ళు పట్టుకుపోతే, మిగతా సగం కంపెనీలే ఇండియాకు పంపేస్తున్నాయని తిట్టాడు. పడీ పడీ నవ్వి, దానికీ నాలుగు వేశాం. నేనైతే ఆయన పక్షమే.

“అమెరికోళ్ళు అడిగినదాంట్ల తప్పేమున్నది? ఎవరి కొలువులు వాళ్ళకు గావాలె. మేమడిగేది గూడ గదే” అన్నాను, ఆమె వినాలనే.

ఆమె డబ్బా మూత పెడుతూ, “పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్ళని తిడితే ఏం వస్తుందక్కా? తక్కువకి వస్తారని వాళ్ళని పెట్టుకునేవాణ్ణి కదా అడగాలి” అంది.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ తలలూపారు, మా వైపు వాళ్ళతో సహా! ఆ మాట నాకెందుకు తట్టలేదా అని సాయంత్రం దాకా ఒళ్ళు మండింది.

తరవాత అమెరికాలో ఒక ఆడమనిషి చెప్పిన జవాబు వచ్చింది. ఆమె మొగుడు ఇళ్ళ కప్పులు వేసేవాడట. పక్కింట్లో దిగినవాడికి కాగితాలు లేవు, పని మాత్రం మొగుడికన్నా బాగా చేసేవాడు. కాంట్రాక్టులన్నీ వాడికే పోయాయి. ఈమె ఫోను చేసి అధికారులకు పట్టించింది. ‘నేను చెప్పింది నిజమే కదా, వాడికి కాగితాలు లేవు కదా’ అని నాలుగుసార్లు అంది. నేను చట్టం నంబరు ఏడు వేశాను. నా జంట మాత్రం ఏ నంబరూ వేయకుండా, ‘ఇతరములు’ గడిలో ఓర్వలేనితనం అని రాసింది.

“చట్టం మీద ప్రేమ ఉన్నవాళ్ళు ఇన్నిసార్లు చెప్పుకోరక్కా” అంది నాతో, మెల్లగా.

సారు ఆ కాగితం అమెరికాకు పంపాడు. వాళ్ళు మెచ్చుకుని, ఆ మాటకు కొత్త నంబరే ఇచ్చారు! ఆ వారమే చెకర్ పోస్టు ఒకటి పడింది. అందరి నంబర్లనూ సరిచూసే పని, పర్మనెంటు. దానికి మా ఇద్దరినే ఎంచారు. ఒకే జవాబుల కట్ట ఇద్దరూ చేయాలి, ఎవరిది మేలో అమెరికా వాళ్ళు చెబుతారు. సర్టిఫికెట్లు ముందే ఇచ్చేశాం. మా నాన్నకు నడుము పట్టేసి ఆటో మూలపడింది, ఆ పోస్టు వస్తేనే మా ఇల్లు తెరిపిన పడేది. ఆమెకు అంత అవసరం లేదని నేనే తీర్మానించుకున్నాను. అడగలేదు.

పరీక్ష రోజున బంద్ పడింది. బస్సుల్లేవు, ఆటోల్లేవు. షట్టరు సగం దించి పని చేద్దామన్నాడు సారు. నేను ఎల్బీనగర్ నుంచి నడక మొదలుపెట్టాను. కొత్తపేట దాటేసరికి ఆమె ఫోను.

“అక్కా, నేను పొద్దున్నే వచ్చేశాను, నాన్న స్కూటరు మీద దింపారు. మీరు కంగారుపడి పరుగెత్తకండి. మీరు వచ్చేదాకా పరీక్ష మొదలుపెట్టొద్దని సారుతో చెప్పాను.”

ఆమె చెబితే సారు ఆగుతాడట! నాకు ఆమె దయ చూపించేదేంది? కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళతోనే దారిలో ఉద్యమంవాళ్ళ దీక్షా శిబిరం దగ్గరికి చేరాను. టెంటు కింద మా పెదనాన్న కొడుకు కూర్చుని ఉన్నాడు.

“బంద్ ఉండంగ ఎటు పోతున్నవ్ చెల్లె?” అన్నాడు.

దవాఖానకని చెప్పొచ్చు. ఏమైనా చెప్పొచ్చు.

“మా ఆఫీసు నడుస్తనే ఉందన్నా. ఆంధ్రోళ్ళది. వాళ్ళ పిల్ల పొద్దుగాల్నే ఒచ్చి కూసున్నది” అన్నాను.

“గట్లనా” అని లేచాడు.

టెంటులోవాళ్ళు నాకన్నా ముందే ఆఫీసుకు వెళ్ళారు. నేను మెట్లెక్కేసరికి కంప్యూటర్లు ఆపేసి ఉన్నాయి. ఎవరినీ ఏమీ చేయలేదు, ఒక కుర్చీ కూడా జరగలేదు. ఒకతను మాత్రం ఆమె ముందు నిలబడి, “మా పిల్లలు కొలువుల్లేక తిరుగుతుంటే మీరు బంద్ నాడు గూడ పనిజేస్తరా అక్కా? మీ ఊరికి మీరు పోండ్రి” అన్నాడు, తిట్టినట్టు కాదు, ఏదో విన్నవించుకున్నట్టు. ఆమె బిక్కచచ్చిపోయి ఉంది. నన్ను చూడగానే వచ్చి నా చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది ఆ చెయ్యి. మా అన్న నా వైపు చూసి తల తిప్పుకున్నాడు.

మర్నాటి నుంచి ఆమె రాలేదు. వాళ్ళ నాన్న మానిపించేశాడట. పరీక్ష నేనొక్కదాన్నే రాశాను. పోస్టు నాకే వచ్చింది. మా అమ్మ వీధంతా మిఠాయి పంచింది.

వారం తరవాత సారు ఒక కవరు ఇచ్చి, “ఏమ్మా, ఆ అమ్మాయి సర్టిఫికెట్లు. కింద నిలబడింది, పైకి రానంటోంది. ఇచ్చిరా” అన్నాడు. మెట్ల మలుపులో ఆగి కవరు తెరిచాను. ఎన్ని మార్కులొచ్చాయో చూడాలి కదా, పోస్టు నాదయ్యాక కూడా! మార్కులు నావాటికన్నా ఎక్కువే. వాటి కింద బోనఫైడ్ ఉంది. ఒకటో తరగతి నుంచి పది దాకా ఒకే బడి, మా ఆఫీసుకు రెండు సందుల అవతల. దాని వెనక జనన పత్రం, పుట్టింది మలక్‌పేటలో. నేను ఈ నగరం మొహం చూసింది మా ఊళ్ళో ఏడు పాసయ్యాక. నాకు సిగ్గు వేయాలి. ముందు వచ్చింది సిగ్గు కాదు. ఈ నగరం కూడా దీనిదేనా అనుకున్నాను.

ఆమె బస్టాపు పక్కన నిలబడి ఉంది. కవరు తీసుకుని, “పోస్టు మీకొచ్చిందట, మంచిదయిందక్కా” అంది. ఆ మాటలో వంకర ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు.

“ఇప్పుడేం జేస్తవ్?” అన్నాను.

“నాన్న మా ఊరు వెళ్ళిపోదామంటున్నారు. మా ఊరంటే వాళ్ళ ఊరే, నేను సెలవులకి వెళ్ళడమే కానీ ఎప్పుడూ ఉండలేదు. మాట్లాడితే హైదరాబాదు పిల్ల అని నవ్వుతారు.” కవరును గుండెకు ఆనించుకుంది. “అక్కా, మీరు ఊరొదిలి ఇక్కడికొచ్చారు కదా. కొత్తచోటు అలవాటవడానికి ఎన్నాళ్ళు పట్టింది మీకు?”

బడిలో నా యాసకు నవ్విన పిల్లలు, మధ్యాహ్నం గోడవైపు తిరిగి అన్నం తిన్న రెండేళ్ళు, అన్నీ గుర్తుకొచ్చాయి.

“నెల దినాలు. అంతే” అన్నాను.

“హమ్మయ్య” అంది ఆమె.