ఒక్క కంట్లోనే తెల్లటి మెరుపు

కరోనా లాక్‌డౌన్లు ముగిసిన మరుసటి ఏడు. హనుమకొండలో మా ఫోటో స్టూడియోకు అప్పుడప్పుడే మళ్లీ గిరాకీ మొదలైంది. పెళ్లిళ్లకంటే పిల్లల మొదటి పుట్టినరోజులే ఎక్కువ వచ్చేవి. ఫ్లెక్సీ కావాలి, ఆల్బమ్ కావాలి, పిల్ల కాస్త తెల్లగా రావాలి. మా వృత్తిలో సగం బతుకు దిద్దుడే. మొటిమలు చెరిపేస్తాం, బట్టతల మీద జుట్టు మొలిపిస్తాం. దేవుడిచ్చిన ముఖాన్ని ఉన్నదున్నట్టు తీసుకుపోయేవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు.

ఆ దిద్దుబాట్లలో ‘రెడ్ ఐ’ ఒకటి. ఎదురుగా ఫ్లాష్ కొడితే ఆ వెలుగు కంటి లోపలి ఎర్రదనం మీద పడి తిరిగొస్తుంది. అందుకే ఫోటోలో కంటిపాప ఎర్రగా కనబడుతుంది. అది జబ్బేమీ కాదు. ఒక్క క్లిక్కుతో నల్లగా మార్చేస్తాం.

నర్సంపేట నుంచి స్వప్న అనే అమ్మాయి తన అత్తగారితో కలిసి, ఏడాది నిండబోయే కూతుర్ని ఎత్తుకుని వచ్చింది. ఫ్లెక్సీ కోసం ఫోన్లో తీసిన ఫోటో ఇచ్చింది. కంప్యూటర్‌లో పెద్దది చేసి చూశాను. కుడికన్ను అందరికీ వచ్చినట్టే ఎర్రగా ఉంది. ఎడమకంటి పాప మాత్రం చీకట్లో బండి లైటు పడిన పిల్లి కన్నులా తెల్లగా మెరుస్తోంది.

“వేరే ఫోటోలున్నయా చెల్లె?” అని అడిగాను.

ఫోన్ నా చేతికిచ్చింది. వేర్వేరు రోజులవి, వేర్వేరు చోట్లవి. ఫ్లాష్ పడిన ప్రతి ఫోటోలో అదే కన్ను. ఒక్కోసారి వెలుగు పక్కనుంచి పడినా అలా రావచ్చు. అందుకని నేనే కెమెరా తీసి, పాపను ఎదురుగా కూర్చోబెట్టి రెండు ఫోటోలు తీశాను. తేడా లేదు. మా దగ్గరికి వచ్చే కళ్ల డాక్టరు ఒకాయన ఎప్పుడో మాటల్లో అన్నది గుర్తొచ్చింది: పసిపిల్లల కంటిపాప తెల్లగా కనబడితే ఆలస్యం చేయొద్దని.

“చెల్లె, ఈ కన్ను కండ్ల డాక్టరుకు చూపియ్యి. ఇయ్యాలనే చూపియ్యి. లోపల ఏమన్న ఉన్నదేమో,” అన్నాను.

స్వప్న పాపను తనవైపు తిప్పుకుని ఆ కన్ను చూసింది. అత్తగారు లేచి నిలబడింది.

“పుట్టిన్రోజు పూట గిదేం మాట కొడుకా? వాళ్ల తాతకు పిల్లికండ్లుండె, ఆయన పోలికొచ్చింది. నువ్వు ఫోటోలు తీసేటోనివా, డాక్టరువా?”

“పిల్లికండ్లయితే రెండూ గట్లనే ఉండాలె గదమ్మా.”

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నాది మొదట్నుంచీ దురుసు నోరు. చెప్పాల్సిన మాటే చెప్పాను గానీ, వాదానికి దిగినట్టు చెప్పాను. ఆమె కోడలి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. ఆ ఫ్లెక్సీ వేరే స్టూడియోలో వేయించారు.

కొన్ని నెలల తర్వాత స్వప్న ఒక్కతే పాపతో వచ్చింది. పాప ఎడమకంటి మీద తెల్లటి ప్యాడ్ అంటించి ఉంది.

“ఆ దినం మా ఆయనకు చెప్పిన అన్నా. దవాఖానకు పోదామన్నడు సుత. అంతల ఫ్లెక్సీ వచ్చింది. దాంట్ల రెండు కండ్లు నల్లగ, మంచిగున్నయి. ‘చూసినవా, ఫోన్‌దే లోపం’ అన్నరు అందరు. నాకు సుత నిమ్మళమైంది. ఆ ఫోటోకు ఫ్రేమ్ కట్టించినం. అనుమానమొచ్చినప్పుడల్లా దాన్నే చూసుకున్న.”

తర్వాత కన్ను పక్కకు పోతోందని అత్తగారే గమనించి బయల్దేరదీసిందట. హైదరాబాద్‌లో కంటి లోపల క్యాన్సర్ అని తేల్చారు. పాప ప్రాణం దక్కింది. కన్ను తీసేయాల్సి వచ్చింది. ముందే వచ్చి ఉంటే కన్ను నిలబెట్టే ప్రయత్నం చేసేవాళ్లమన్నారట.

“మా అత్త ఆ ఫ్రేమ్ తీసి బీరువ ఎనక వెట్టింది. సరిగ తింటలేదు అన్నా,” అంది.

నాకు ఆ పెద్దామె మీద కోపం రాలేదు. దిద్దిన స్టూడియోవాడి మీదా రాలేదు. వాడు రోజూ మేమంతా చేసే పనే చేశాడు. బాధల్లా ఒకటే. ఆ రోజు నేను వాళ్లను కూర్చోబెట్టి, ఆ పెద్దామె చేతికి నీళ్లిచ్చి, రెండు కళ్లూ పక్కపక్కన చూపించి నెమ్మదిగా చెప్పి ఉంటే ఆమె వినేదేమో. వినకపోయేదేమో కూడా.

ఇప్పుడు పసిపిల్లల ఫోటోలో ఒక్క కన్ను తెల్లగా కనబడితే, డాక్టరుకు చూపించి వచ్చేదాకా దాన్ని దిద్దను. “ఒకపాలి చూపిస్తే మనసు నిమ్మళమైతది తల్లీ” అని మాత్రం అంటాను. కొందరు విసుక్కుని వేరే షాపుకు పోతారు. పోనీ.

పాప రెండో పుట్టినరోజుకు స్వప్న మళ్లీ నా దగ్గరికే వచ్చింది, ఫోన్లో తీసిన ఫోటోతోనే. ఎడమవైపు పెట్టించిన కృత్రిమ కన్ను నల్లగా, మెరుపు లేకుండా ఉంది. కుడికన్ను ఎర్రగా వచ్చింది. అలవాటు చొప్పున నా చెయ్యి మౌస్ మీదికి పోయింది.

“దాన్ని దిద్దకు అన్నా,” అంది స్వప్న. “గట్ల ఎర్రగొస్తేనే లోపల మంచిగున్నట్టని డాక్టరమ్మ చెప్పింది. గట్లనే ఉండనియ్యి.”

ఎర్రగానే ప్రింటు వేసి ఇచ్చాను.