అమ్మ తలుపుకు పోసిన ప్రార్థన నూనె

నిన్న దవాఖానలో జ్వరంతో పడుకున్న నా బిడ్డ మంచం పక్కన, మా చర్చి సంఘంలోని అత్త ఒకామె చిన్న సీసా మూత తీసింది. ప్రార్థన చేసిన కొబ్బరినూనె. ఆ వాసనకే నాకు ఒళ్లు మండింది.

నారాయణఖేడ్‌లో నాతో సండే స్కూల్‌కు వచ్చినవాళ్లారా, మీ ఇళ్లలోనూ ఉండేది కదా ఆ సీసా? మా ఇంట్లో గూట్లో, బైబిల్ పక్కన, దీపం మసి పట్టి జిడ్డుగా ఉండేది. జ్వరమొచ్చినా దెబ్బ తగిలినా అమ్మ చెయ్యి ముందు దాని మీదికే పోయేది.

తమ్ముడికి మెదడువాపు వచ్చినప్పుడు అమ్మ దవాఖానకూ తీసుకుపోయింది, నుదుటికి ఆ నూనె కూడా రాసింది. వాడు బతకలేదు. మట్టి చేసి వచ్చిన సాయంత్రమే సంఘపెద్ద మా గడపలో నిలబడి, "నీ విశ్వాసం సాలలే చెల్లె" అన్నాడు. కొడుకును పోగొట్టుకున్న తల్లితో అనాల్సిన మాటేనా అది? ఇప్పటికీ తలుచుకుంటే పళ్లు కొరుక్కుంటాను.

అమ్మ లేచి సీసా తెచ్చింది. కిర్రుమనే మా తలుపు బందులకు నూనెంతా ఆయన ముందే పోసింది.

"గీ తలుపుకు ఏం విశ్వాసముందన్నా? సూడు, ఏడుపు ఆపిందా లేదా" అని ఆయన మొహం మీదే తలుపేసింది. అది కిర్రుమనలేదు.

ఆ రోజు నుంచి దేవుడితో నాకు మాటల్లేవు. నిన్న ఆ అత్తను, "ఇగ ఆపు, గా సీసా ఈడికి తేకు" అని కసిరి పంపించాను. ఆమె కంగారులో సీసా కిటికీలో మరిచిపోయింది. కాసేపటికి బిడ్డ ఒళ్లు మళ్లీ కాలింది. నర్సు కోసం కేకేసి వెనక్కి తిరిగి చూసుకునేసరికి, నూనెలో తడిసిన నా వేలు బిడ్డ నుదుటి మీద ఉంది.

నా కోపమంతా ఇప్పుడు ఆ వేలి మీదే.