గట్టు మీది నిపుణుడు

అల్లూరులో ఏ ఫోన్ కంపెనీ ఎందుకు మునుగుతుందో, ఏ సెర్చ్ ఇంజిన్ ఎందుకు పనికిరాదో తెలియాలంటే మాల్యాద్రిని అడగాలి. అడక్కపోయినా చెబుతాడు. తన రొయ్యల గుంట గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో కాళ్లు చాపుకుని, ఫోన్లో తుపాకుల ఆట ఆడుతూ, దాన్ని తయారుచేసినవాళ్లకు పనితనం లేదని తేల్చేస్తాడు. మేత చల్లేదీ, నీళ్లు చూసేదీ అతని భార్య మహాలక్ష్మి.

మొన్న తెల్లారేసరికి నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్ చక్రం ఆగిపోయి, గాలి అందక రొయ్యలు నీటిపైకి తేలాయి. ఇంకో గంట అలాగే ఉంటే మూడు నెలల పంట పోయినట్టే. మాల్యాద్రి ఆగిన చక్రం వైపు చూడకుండా, ఫోన్ తీసి కారణం వెతకసాగాడు. మొదట మేత ప్రకటనలు, తర్వాత రొయ్యల వేపుడు వచ్చాయి.

"అక్కా, మీ ఆయన ఏందో చదవతా ఉండాడే!" అని పక్క గుంట జాకీర్ అరిచాడు.

"చదవనీలే జాకీరూ, రొయ్యలకు వినిపిస్తాడేమో!" అంటూనే మహాలక్ష్మి మోటారు కట్టేసి, నడుముల్లోతు నీళ్లలోకి దిగి, చక్రానికి చుట్టుకున్న నాచు కోసి, గట్టెక్కి మళ్లీ స్విచ్ వేసింది.

అరగంటకు రొయ్యలు అడుగుకు దిగాయి. అప్పుడు మాల్యాద్రి తల ఎత్తి, "గాలి తగ్గిందంట మేయ్, ఏరియేటర్ వెయ్యాలంట," అన్నాడు. అది తిరుగుతుండటం చూసి, ఇంత ఆలస్యంగా జవాబిచ్చే సెర్చ్ ఇంజిన్ కంపెనీ ఎక్కువ కాలం నిలవదని జాకీర్‌కు వివరించాడు.