అంజిరత్ మళ్ళీ మట్టి తొక్కింది

ఉర్గుత్‌లో మా పేట వాళ్ళకి రొట్టెలు కాల్చే తందూరు పొయ్యి అంటే అంజిరత్ చేసిందే. మట్టిలో గొర్రె బొచ్చు కలిపి, నానబెట్టి, కాళ్ళతో తొక్కి, వరస మీద వరస లేపేది. తల్లి దగ్గర నేర్చిన పని. ముప్పై ఏళ్ళలో ఒక్కటీ బీటవారలేదని తనే నలుగురికీ చెప్పుకునేది. చెప్పుకోదగ్గదే మరి.

అలాంటిది, నిరుడు పెళ్ళిళ్ళ తొందరలో తివాచీల వాళ్ళు పారేసిన, మట్టిని పట్టి ఉంచని పొట్టి బొచ్చు కలిపేసింది. ఆ తందూరు జులైహో ఇంటికి వెళ్ళింది. ఆమె కూతురి సంబంధం ఖాయం చేసుకుని పెద్దలు రొట్టె విరిచే రోజునే, లోపలి గోడ పెచ్చు ఊడి, దానికి అతికించిన పన్నెండు రొట్టెలు బూడిదలో పడ్డాయి. రొట్టె ముక్క కిందపడితే తీసి కళ్ళకద్దుకునే మనుషులం మేము. జులైహో అందరి ముందూ అనేసింది: "నా బిడ్డ రొట్టెని మింగేసిందమ్మా నీ పొయ్యి."

పెళ్ళి మాత్రం నిక్షేపంలా జరిగింది. అయినా అంజిరత్ ఏడాదిపాటు మట్టి ముట్టలేదు. తన పెరట్లో తందూరు పాడైతే బజారు రొట్టె తెప్పించింది. ఆ ఇంట్లో బజారు రొట్టె! చూసిన మాకే సిగ్గేసింది.

ఒకరోజు ఆమె ఎనభై ఏళ్ళ అత్తగారు హోల్‌బీబీ, బండి మీద కొత్త తందూరు వేయించుకుని వాకిట్లో దిగింది.

"ఏంటత్తయ్యా ఇది?"

"కనబడట్లా? పళ్ళు లేనిదాన్ని, ఆ బజారు రొట్టెలు ఇంకెన్నాళ్ళు నమలమంటావు?"

అంజిరత్‌కి ఒళ్ళు మండింది. అరచేత్తో దాన్ని చరిచింది. కంచులా మోగాల్సింది, దబ్బుమంది. గోటితో గీకితే అంచు రాలింది.

"చేసినవాడికి చేతులున్నాయా అసలు? ఇందులో బొచ్చే లేదు. ఇది నా ఇంట్లో ఉండటానికి వీల్లేదు."

"మరి ఏది ఉంటుందే?"

మర్నాడే అంజిరత్ గొర్రెల కాపరి ఇంట కూర్చుని పొడుగు బొచ్చు ఏరుకుంది, పోగు పోగూ లాగి చూసుకుని మరీ. మట్టి తొక్కుతుంటే, మళ్ళీ రాలితే ఈ పేటలో తలెత్తుకోలేనని భయమేసింది. అయినా తొక్కడం ఆపలేదు. ఎవరెంత తొందరపెట్టినా ఇరవై రోజులు నీడలోనే ఆరబెట్టింది.

మొదటి మంట వేసిన రోజు వీధంతా వచ్చింది. జులైహో కూడా వచ్చింది. అంజిరత్ పిండి రొట్టెని ఆమె చేతిలోనే పెట్టింది.

"నువ్వే వెయ్యి."

జులైహో గోడకి అతికించి, వంగి చూస్తూ నిలబడింది. రొట్టె పొంగింది, ఎర్రబడింది, గోడని వదల్లేదు. జులైహో దాన్ని తీసి, విరిచి, సగం అంజిరత్‌కిచ్చింది.

"మా అమ్మాయి కొత్తింటికి ఒకటి చేసిపెట్టక్కా. బొచ్చు మాత్రం పొడుగ్గా చూడు."

అందరూ నవ్వారు. అంజిరత్ కూడా నవ్వింది, ఏడాది తర్వాత, తల పైకెత్తి.

అత్తగారు తెచ్చిన బజారు తందూరులో ఇప్పుడు కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి.

"ఇంత దరిద్రపుది ఎక్కడ దొరికిందత్తయ్యా మీకు?" అని ఆమధ్య అడిగింది అంజిరత్.

"ఊరికే దొరుకుతుందా? పూటంతా బజారు తిరిగి, ఒక్కోదాన్నీ చరిచి చూసి, అన్నింట్లోకీ పనికిమాలినదాన్ని ఏరి తెచ్చా" అంది హోల్‌బీబీ, వేడి రొట్టె టీలో ముంచుకుంటూ.