రేడియోలో ఒప్పుకున్న తప్పు

నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. కోడలు నేర్పింది. ఏటా చేపల వేట నిషేధం ఉండే రోజుల్లో బోట్లన్నీ నిజాంపట్నం హార్బరులో కట్టేసి ఉంటాయి, మగవాళ్ళకు తిని కూర్చోవడమే పని. "మావయ్యా, ఊరికే కూర్చుని అందర్నీ తిట్టే బదులు ఈ పలక పట్టుకోండి" అంది. పట్టుకున్నాను. రెండు నిషేధాలు గడిచేసరికి బస్సు బోర్డు చదవగలిగాను. మూడో ఏటికి ఒక పేజీ రాయగలిగాను.

ఆ మొదటి పేజీ రేడియోకి రాశాను.

బాపట్ల నుంచి పొద్దున్నే ఒక కార్యక్రమం వస్తుంది. ముందు భక్తి పాటలు, తర్వాత ఎవరో ఒక అతిథితో కబుర్లు, మధ్యలో సినిమా పాట, చివర్లో రిటైరైన మాస్టారొకాయన దేవుడి గురించో మనిషి గురించో నాలుగు మాటలు చెబుతారు. చేపలు ఎండబెట్టే చోట మా ఆడవాళ్ళు పెద్దగా పెట్టుకుని వింటారు. ఒకరోజు మాస్టారు, "ఎవరికైనా చెప్పాల్సి ఉండి చెప్పలేకపోయిన మాట మీ దగ్గరుంటే రాసి పంపండి" అన్నారు. నా దగ్గర ఒకటుంది.

నా భార్య అన్న, నాకు బావ, ఒకప్పుడు మా పేటలోనే ఉండేవాడు. ఒక ఏడు ఒడ్డున ఆరేసిన నా వల పోయింది. వారం తిరక్కుండా బావ బోటు పక్కన ఆరుతున్న వల మీద నా భార్య వేసిన ముడులు చూశాను. ఆమెది ఎడమచేతి వాటం. అందరి ముడీ ఒకవైపు తిరిగితే ఆమె ముడి రెండోవైపు తిరుగుతుంది. పేటలో అలాంటి ముడి ఇంకెవరూ వెయ్యరు. ఇక ఏం కావాలి? పెద్దల్ని కూర్చోబెట్టి, పేటంతా వినేలా బావను దొంగ అన్నాను. బావ నోరు విప్పలేదు. దొంగ కాబట్టే మాట్లాడలేదనుకున్నాను. వల ఇచ్చెయ్యమన్నారు, ఇచ్చేశాడు. ఆ వలతో నేను వేటాడాను, ఆ చేపలు తిన్నాను. ఆయన మాత్రం వేట మానేసి భార్యాబిడ్డలతో రేపల్లె వెళ్ళిపోయి, మార్కెట్లో చేపలు కోసుకుంటూ బతికాడు. పద్దెనిమిదేళ్ళు నా భార్య అన్నగారి గడప తొక్కలేదు.

బావ భార్య చనిపోయిన సంగతి మాకు పది రోజులకు గానీ తెలియలేదు. ఆ రోజు ఏడుస్తూ చెప్పింది నా భార్య. "మా వదినకి చేతులు వణికేవి. వల కుట్టలేకపోయేది. నువ్వు వేటకెళ్ళినప్పుడు వాళ్ళ వలలన్నీ నేనే కుట్టేదాన్ని. అది నీ వల కాదు."

"మరి ఆ రోజే చెప్పొచ్చుగా?"

"అంతకుముందే ఒకసారి, వాళ్ళింటి పని చేస్తే కాళ్ళిరగ్గొడతానన్నావు. చెబితే బతకనిచ్చేవాడివా?"

లేదు. ఆ రోజుల్లో నా నోటికంటే ముందు చెయ్యి లేచేది. అది తెలిసే, చెల్లెల్ని కాపాడుకోవడానికి బావ దొంగ అన్న మాట మోశాడు. నా వల ఏమైందో ఇప్పటికీ తెలియదు.

ఇదంతా రాసి పంపాను. పేజీ నిండటానికి నాలుగు రోజులు పట్టింది. రేడియోవాళ్ళు ఫోన్ చేసి, మీరే వచ్చి చదవండి అన్నారు.

గోడలన్నిటికీ స్పాంజి అంటించిన చిన్న గది. మాస్టారూ అక్కడే ఉన్నారు. కార్యక్రమం నడిపే అమ్మాయి, "బాబాయ్‌గారూ, భయపడకండి, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడండి" అంది.

"ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడితే మీ రేడియో మూయించేస్తారమ్మా" అన్నాను. పకపకా నవ్వింది. నేను నిజమే చెప్పాను.

సముద్రం మీద ఎప్పుడైనా దేవుడు కనిపించాడా అని అడిగింది. "నీళ్ళు కనిపించాయమ్మా. భయమేసినప్పుడు దేవుణ్ణి పిలిచాను. గాలి తగ్గాక మర్చిపోయాను." మాస్టారు నవ్వారు. తర్వాత నా కాగితం తీశాను. వేలు కింద పెట్టుకుని ఒక్కొక్క మాటే చదువుతుంటే, ఆ అమ్మాయి సాయం చేద్దామని చెయ్యి చాపింది. ఇవ్వలేదు. దొంగ అని అన్నది నా నోరే కదా.

చదవడం అయ్యాక మాస్టారు, క్షమించడం దైవగుణమని, ఆ బావగారు ఈపాటికి మనసులో క్షమించే ఉంటారని మంచి గొంతుతో చెప్పారు. నాకు ఒళ్ళు మండింది. "మాస్టారూ, ఆయన తరఫున మీరెలా క్షమిస్తారండీ?" అన్నాను. అమ్మాయి గబుక్కున పాట పెట్టింది.

బయట టీ తాగుతూ మాస్టారు అన్నారు, "మీరన్నది సబబేనండి. ఇన్నేళ్ళూ క్షమించేవాడి గురించే చెప్పుకొచ్చాను. చేసినవాడు ఏం చెయ్యాలో చెప్పలేదు."

"తెలిస్తే ఇప్పుడు చెప్పండి."

"తెలియదండి" అన్నారు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది ఆ ఒక్క మాటతోనే.

ఇంటికొచ్చేసరికి ఫోన్ల మీద ఫోన్లు. గొప్ప మనసన్నారు, కళ్ళనీళ్ళొచ్చాయన్నారు. నేను కాస్త పొంగిపోయిన మాట వాస్తవం. నా భార్య మాత్రం ఎండుచేపలు ఏరుతూ తల ఎత్తలేదు.

"విన్నావా?" అన్నాను.

"విన్నాను. మా అన్నని ఎండలో నిలబెట్టి అన్నావు. నువ్వేమో తలుపులేసుకుని, ఫ్యాను కింద కూర్చుని చెప్పావు. నీ మొహం ఎవరు చూశారు?"

మర్నాడు పొద్దున్నే ఇద్దరం రేపల్లె బస్సెక్కాం. బస్సు దిగేటప్పుడు ఆమె, "పొమ్మంటే పోదాం. గొడవ పెట్టుకోకు" అంది.

మార్కెట్లో బావ కత్తిపీట ముందు కూర్చుని చేపకి పొలుసు తీస్తున్నాడు. జుట్టంతా తెల్లబడింది. చెల్లెల్ని చూసి చేతులు తుడుచుకుని లేచాడు. "చిక్కిపోయావేంటే" అన్నాడు. స్టూలు లాగి కూర్చోబెట్టాడు, టీ తెప్పించాడు. నన్ను కూర్చోమనలేదు. నిలబడ్డాను.

"బావా, తప్పు నాది" అన్నాను.

"విన్నాలే. మా అమ్మాయి ఫోన్లో పెట్టింది." చేప తిప్పి రెండోవైపు గీకడం మొదలుపెట్టాడు. "నువ్వు నన్ను దొంగన్నావని చెప్పగానే మధ్యలో డాన్సు పాట వేశారేంటి?"

పక్క పీట ఆడమనిషి కిసుక్కుమంది. నేను నవ్వలేదు.

"బాపట్లవాళ్ళకి నేనెవరు? వాళ్ళు నన్ను దొంగనుకోలేదుగా. వాళ్ళకెందుకు చెప్పావు? అన్నది మన పేటలో. అక్కడ విన్నవాళ్ళ ముందు నిలబడి చెప్పు. వాళ్ళ పిల్లలు ఎక్కడ ఎదురైనా ఇప్పటికీ మా అమ్మాయిని వలదొంగ కూతురంటారు."

ఆ సంగతి నాకు తెలియదు. నా భార్యకు తెలుసు. టీ గ్లాసు వైపే చూస్తూ కూర్చుంది.

బేరాలు అయ్యేదాకా నిలబడ్డాను. బావ పీట కడిగి, చెల్లెలితో, "ఆదివారం వస్తాను. మీ ఆయన్ని అందర్నీ పిలవమను" అన్నాడు. నాతో అనలేదు. ఆమె మాత్రం ఆ మాట వినగానే కొంగుతో మొహం తుడుచుకుంది.

నిన్నా ఇవాళా ఇళ్ళు తిరుగుతున్నాను. ఆ రోజు కూర్చున్న పెద్దల్లో ముగ్గురే మిగిలారు. ఒకాయన మంచం మీద ఉన్నాడు, ఇంట్లోవాళ్ళు పట్టుకుని తీసుకొస్తామన్నారు. ఒకాయన, "ఎప్పటి గొడవో, ఇప్పుడెందుకు తవ్వుకోవడం" అని విసుక్కున్నాడు. బతిమాలి ఒప్పించాను. మూడో ఆయనకు చెవుడు. ఆయన పక్కన నిలబడి గట్టిగా చెప్పాలి.