కొత్త పలకల కింద

పదేళ్లుగా ఈ మాట నా గొంతులో ముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. ఇది చదివే మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడగొద్దు. భయం.

నేను పడవల వడ్రంగిని. కాదు, ఒకప్పుడు. జాలరిపేటలో నూకయ్యకు తండ్రి నాటి పాత పడవ ఉండేది. లోపల కాళ్లు పెట్టే పలకలు చివికిపోయాయి, బాగుచెయ్యమన్నాడు. నలుగురూ మూగి చూస్తుంటే పడవ అడుగున అక్కడక్కడా సుత్తితో కొట్టి చూశాను. గట్టి చెక్క టక్కుమంటుంది, చివికింది డొల్లగా పలుకుతుంది. పై పలకలు మారిస్తే చాలు, అడుగు రాయిలా ఉందని అందరి ముందూ అనేశాను.

మర్నాడు ఆ పలకలు ఊడదీశాను. కింద, వెనక వైపు, నేను కొట్టి చూడని చోట, ఉలి మాగిన పనసపండులోకి దిగినట్టు దిగిపోయింది.

అప్పుడే చెప్పొచ్చు కదా? నూకయ్య నన్నేమీ అనేవాడు కాదు. కానీ నా సుత్తి తప్పు చెప్పిందని నలుగురిలో ఒప్పుకోవాలి. అది నావల్ల కాలేదు. చివికిన చోట తారు దట్టంగా పూసి, పైన కొత్త పలకలు బిగించేశాను. ఈ వేట కాలానికి ఆగుతుందిలే, తర్వాత ఏదో వంకతో మారుద్దాం అనుకున్నాను. నిజంగా అనుకున్నానా, లేక ఇప్పుడు అలా చెప్పుకుంటున్నానా?

ఆగదని నాకు తెలుసు. బాగుచేసిన పడవ మొదటిసారి వేటకు వెళ్తే, చేసిన వడ్రంగి అందులో కూర్చోవాలి. అది పేటలో ఆనవాయితీ. ఆ రోజు నేను జ్వరమని దుప్పటి కప్పుకుని పడుకున్నాను. నూకయ్య గుమ్మంలోకి వచ్చి నవ్వాడు.

"జొరమైతే తొంగో బావా. నీ సెయ్యి పడ్డ పడవ, నాకేటి బయ్యం?"

నేను ఆగమనలేదు.

మధ్యాహ్నానికి అతనితో వెళ్లిన ఇద్దరూ ఈదుకుంటూ ఒడ్డు చేరారు. నూకయ్య రాలేదు. పెద్ద అల కొట్టిందని, అడుగు ఒక్కసారిగా విడిపోయిందని చెప్పారు. అందరూ సముద్రాన్నే తిట్టారు. రెండు రోజుల తర్వాత తారు పూసిన ముక్క ఒకటి ఒడ్డుకు కొట్టుకొస్తే, ఎవరి కంటా పడకముందే తెచ్చి పొయ్యిలో పెట్టాను.

ఆ తర్వాత పడవ ముట్టలేదు. ఇప్పుడు ఉక్కునగరంలో ఫ్యాక్టరీ వాళ్ల క్వార్టర్లకు తలుపులు చేస్తున్నాను. తలుపు ఊడితే ఎవరూ మునిగిపోరు.

ఇంతటితో అయిపోయి ఉంటే ఇది రాసేవాణ్ణి కాదేమో. నూకయ్య భార్య పోలమ్మ చేపల బుట్టతో పూర్ణా మార్కెట్ వెనక ఇప్పుడు నేనుండే సందులోకి వస్తుంది. "అన్నా" అని పిలుస్తుంది. ఆ పిలుపు వింటే ఇప్పటికీ ముందు ఆమె మొహం వెతుకుతాను, తెలిసిపోయిందేమోనని. ఒక రోజు మా అరుగు మీద బుట్ట దించి తనే చెప్పింది.

"ఆ దినం పడవ ముందర నాను కొట్టిన కొబ్బరికాయ కుళ్లిపోయుంది అన్నా. ఇంకో కాయ తెచ్చి కొట్టాల. ఆలీసమైపోతందని ఊరుకున్నాను. గంగమ్మకి కోపమొచ్చింది. నా మొగుణ్ణి నానే సంపుకున్నాను."

"ఏటి సేత్తాం సెల్లీ, అంతా రాత," అన్నాను.

అంతే అన్నాను. చివికిన చెక్క దాచింది ఒక పాపమైతే, ఆ మాట అంతకన్నా పెద్దది. ఆమె నెత్తిన ఉన్న బరువు నాదని తెలిసి, నా చేత్తోనే ఇంకాస్త సర్ది పెట్టాను. ఇప్పుడామె ఏ పండక్కీ కొబ్బరికాయ ముట్టదట.

పోలమ్మకు చదువు రాదు. అది తెలిసే ధైర్యంగా రాస్తున్నానా? అవును, అదీ ఉంది. రేపు ఆమె వస్తుంది. చేపలు తీసుకుంటాను, తల దించుకుంటాను, ఏమీ చెప్పను. నా సంగతి నాకు తెలుసు. అయినా ఇది రాస్తుంటే గొంతు కాస్త వదులైంది.

కాయ కుళ్లితే పడవ మునగదు పోలమ్మా. కుళ్లింది అడుగు చెక్క. నేను చూశాను.