వండూర్ మాస్టారి రేసు కారు

2006 ఫిబ్రవరి. పోర్ట్ బ్లెయిర్‌లో ఎత్తు రోడ్డు పక్కన నాకు రేడియేటర్లు బాగుచేసే షెడ్డు ఉండేది. సునామీ వచ్చి ఏడాది దాటింది. ఆ ఏడాదంతా నా దగ్గరికి వచ్చినవి చాలావరకు సముద్రంలో మునిగి తేలిన బళ్ళే. ఏది విప్పినా ఉప్పు, తుప్పు. కొన్ని బళ్ళ యజమానులు లేరు, బంధువులెవరో తోసుకొచ్చేవారు. సగం బాగవ్వవని నాకు ముందే తెలుసు. అయినా తెచ్చిన మనిషి ముఖం చూసి కాదనలేక విప్పేవాణ్ణి. పొద్దున్నే షట్టరు ఎత్తాలంటేనే చేతులు బరువెక్కేవి.

అలాంటి రోజుల్లో వండూర్ నుంచి సామ్యూల్ మాస్టారు వచ్చారు. స్కూల్లో సైన్సు చెప్పేవారు. ఆయన దగ్గర ఇరవయ్యేళ్ళనాటి చిన్న కారు ఒకటి ఉండేది. వెనక సీటు పీకేసి, బరువు తగ్గించి, రేసు కారు చేసుకున్నారు. చౌల్దారీ దగ్గర ఉప్పు నీరెక్కి పంట చచ్చిన పొలాలు ఎండాకాలానికి గట్టిపడి మైదానంలా అయ్యేవి. పదిమంది సరదాగాళ్ళు అక్కడ డ్రమ్ములు పాతి, శనివారం మధ్యాహ్నాలు గడియారం పెట్టుకుని కార్లు తిప్పేవారు.

"రాజు భయ్యా, మూడో చక్కరుకే ఇంజిన్ వేడి చూపించే సూది లాల్‌లోకి, ఆ ఎర్ర గీతలోకి పోతోంది. కొత్త సామాను కొనే తాహతు నాకు లేదు. ఉన్నదాంతోనే ఏదైనా జుగాడ్ చెయ్యి" అన్నారు.

"ఇప్పుడు రేసులెందుకు మాస్టారూ?"

"వారమంతా క్లాసులో ఖాళీ బెంచీలు చూస్తాను భయ్యా. బండిలో ఉన్న ఆ పది నిమిషాలే దేని గురించీ ఆలోచించను."

ఉన్న సామానుతోనే పని మొదలుపెట్టాను. రేడియేటర్ అంటే సన్నటి గొట్టాల వరస. ఇంజిన్ వేడిని మోసుకొచ్చిన నీళ్ళు వాటిలో పారుతుంటే, ఎదురుగాలి తగిలి చల్లబడతాయి. ఈ కారులో గాలి రేడియేటర్ లోంచి కాకుండా పక్క సందుల్లోంచి జారిపోతోంది. నూనె డబ్బాల రేకు కత్తిరించి ఆ సందులు మూశాను. తుక్కులో పడున్న వ్యాను ఫ్యాను బిగించాను. రెండు వరసల కోర్ తీసి మూడు వరసలది వేశాను. కోర్ అంటే ఆ గొట్టాల భాగమే. ఒత్తిడి నిలవని పాత మూతని మార్చాను. నీళ్ళకి బదులు పోసే కూలెంట్ కోసం చూస్తే ఓడలో సరుకు రాలేదు. ప్రస్తుతానికి నీళ్ళతోనే నడపమన్నాను.

పాత కోర్ విప్పినప్పుడు లోపల తెల్లటి పొర కనిపించింది. ఈ ద్వీపంలో ఇప్పుడు ఉప్పు లేనిది ఏముందిలే అనుకుని, రేడియేటర్ ట్యాంకు గీకి కడిగేశాను.

రెండు నెలలకి కారు మళ్ళీ వచ్చింది. అదే జబ్బు. మాస్టారి మీద విసుక్కున్నాను.

"మీరే మరీ తొక్కేస్తన్నారు. పాత ఇంజిను, ఎంతని ఓర్సుకుంటాది?"

ఆయన తల దించుకున్నారు. కోర్ విప్పి చూశాను. నేను వేసిన గొట్టాలే, సగానికి పైగా పూడుకుపోయి ఉన్నాయి. అందులో మిగిలిన నీళ్ళు గరిటెలో పోసి మంట మీద మరిగించాను. నీళ్ళు ఇగిరిపోయి అడుగున తెల్లగా అట్టకట్టింది.

"ఈ నీళ్ళెక్కడివి మాస్టారూ?"

"మా నూతివే. సర్కారోళ్ళు తోడి సాఫ్ చేసి ఇచ్చారు కదా? వాడకానికే భయ్యా. తాగడానికి టాంకర్ వస్తుంది."

తోడించినా ఆ చుట్టుపక్కల నూతుల్లోకి ఉప్పు మెల్లగా మళ్ళీ ఊరుతోందని నేను వినే ఉన్నాను. ఇంజిన్ లోపలి దారులు కూడా కడగాలి. షెడ్డులో చోటు లేక, కోర్ నా దగ్గర ఉంచుకుని కారుని జీపుకి కట్టించి ఇంటికి పంపేశాను. ఆదివారం వాళ్ళ చర్చి అయ్యాక, నాలుగు క్యాన్ల మంచినీళ్ళు, శుభ్రం చేసిన కోరూ పట్టుకుని వండూర్ వెళ్ళాను.

కారు నూతి పక్కనే ఉంది. మాస్టారి తల్లి రూతమ్మగారు నాకు లోపల్నుంచి చల్లటి నీళ్ళు తెచ్చిచ్చారు. మంచి నీళ్ళే. ఆవిడ పాదాలు వాచి నున్నగా మెరుస్తున్నాయి. మాస్టారు పానాల కోసం ఇంట్లోకి వెళ్ళారు. నేను కారు కింద పడుకుని పైపు విప్పుతున్నాను. అటు తల తిప్పితే, ఆవిడ నూతి గట్టు మీద కూర్చుని బీపీ మాత్ర నోట్లో వేసుకుని, బకెట్టులోని నూతి నీళ్ళు ముంచుకుని తాగుతున్నారు.

"అమ్మా, ఆ నీళ్ళు తాగుతున్నారేటి?"

ఆవిడ ఉలిక్కిపడి గుమ్మం వైపు చూశారు. గొంతు తగ్గించారు.

"టాంకరు మలుపుకాడ ఆగుతాది బాబూ. ఆడు బడికెళ్ళిపోయాక వస్తాది. నాను మొయ్యగలిగింది ఒక్క బిందె. అది ఆడికి సరిపోద్ది. ఆడితో అనకు నాయనా."

అనక్కర్లేకపోయింది. మాస్టారు పానాలు పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

"ఎప్పట్నుంచమ్మా?" అన్నారు.

"వానలు ఆగి, పట్టుకున్న నీళ్ళు అయిపోయిన కాడ్నుంచి. అలవాటైపోయిందిరా, ఉప్పని తెలీట్లేదు."

ఆయన ఆవిడ పక్కన కూలబడి, వాచిన పాదాన్ని చేత్తో పట్టుకున్నారు. ఆ పూట పని అక్కడితో ఆగిపోయింది.

మర్నాడు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. బీపీ బాగా పెరిగింది, మూత్రపిండాలు కొంత దెబ్బతిన్నాయి అన్నారు డాక్టరు. ఆ ఉప్పునీళ్ళు ముట్టుకోవద్దన్నారు. కొన్ని వారాలకి వాపు తీసింది. దెబ్బతిన్నది మాత్రం మళ్ళీ బాగవ్వలేదు. ఆవిడ మరో నాలుగేళ్ళు మాత్రల మీద బతికారు.

మాస్టారు ఆ ఏడు రేసుకి వెళ్ళలేదు. వెనక సీటు పీకేసిన చోట క్యాన్లు పేర్చి, స్కూలు నుంచి రోజూ మంచినీళ్ళు తెచ్చేవారు. ఆ నీళ్ళే రేడియేటర్‌కీ పోసేవారు. అంత బరువుతో ఎత్తు రోడ్డెక్కినా సూది సగం దాటలేదని ఒకసారి షెడ్డు దగ్గర ఆగి చెప్పారు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన ముఖంలో సంతోషమేమీ లేదు. నాకూ రాలేదు.

ఆ తెల్లటి పొర నేను ఫిబ్రవరిలోనే చూశాను. ఒక్క ప్రశ్న అడగడానికి ఓపిక లేక గీకి పారేశాను. ఆ తర్వాత రెండు నెలలూ ఆవిడ ఆ నీళ్ళే తాగారు.

అప్పట్నుంచి, కాగే బండి ఎవరు తెచ్చినా బానెట్ ఎత్తకముందే అడుగుతాను, నీళ్ళెక్కడివని. ఆ వెంటనే ఇంకోటి కూడా అడుగుతాను, ఇంట్లోకి నీళ్ళు ఎవరు మోస్తారని. కొందరు నవ్వుతారు. కొందరు మాత్రం జవాబు చెప్పబోయి, మధ్యలో ఆగిపోతారు.